ఐదో చోట దొరికిన గుల్లలు

ఎం.ఫిల్.లో చేరిన మొదటి వారం మా మేడమ్ మమ్మల్ని ఆరుగురినీ ఒక గాజు తొట్టి ముందు కూర్చోబెట్టారు. తొట్టి నిండా నీళ్ళు. అరగంట సేపు చూసి, చూసింది చూసినట్టు రాయమన్నారు. పేపరు పేరు జీవశాస్త్రంలో పరిశోధన పద్ధతులు. ఆ పేరు వింటేనే నాకు ఆవలింత వచ్చేది. అరగంటయ్యాక కాగితాలు తీసుకుని ఒక్కొక్కటే పైకి చదివారు. ఒకరికి నాచు పోగులు కనబడ్డాయి, ఒకరికి దోమ పిల్లలు. నాకు కదులుతున్న నాలుగు చుక్కలు కనబడ్డాయి. బొమ్మ కూడా వేశాను. మేడమ్ కాగితాలు మడిచి పెట్టి, అవి వట్టి డిస్టిల్డ్ వాటర్ అని చెప్పారు. "ఆరుగురిలో ఒక్కరు కూడా ఖాళీ కాగితం ఇవ్వలేదు. ఏమీ లేకపోతే ఏమీ లేదని రాయడానికి మీకంత కష్టమేమిటి?" అని అడిగారు. తర్వాత క్యాంటీన్‌లో కూర్చుని ఆవిణ్ణి తిట్టుకున్నాం.

మాది మద్రాసులో చూలై. మా తాతల నాటినుంచీ సౌకార్‌పేటలో మిరపకాయలు, ధనియాలు, పసుపు టోకు వ్యాపారం. ఇంట్లో అమ్మ, నేను, చిన్నాయన కుటుంబం. నాన్న కొట్లో కూర్చునే మనిషి. నా చదువు గురించి ఆయనకి తెలిసిందల్లా నేను పురుగుల్ని లెక్కపెడతానని. అది నిజమే కాబట్టి నేనూ దిద్దలేదు. ఇంతా చేసి ఆ పేపరులో ఉన్న సంగతులు సగం ఆయన దగ్గర చిన్నప్పుడే చూశాను. మిరపకాయల బస్తా కొనేముందు ఆయన పైకాయల్ని ముట్టుకునేవాడు కాదు. బస్తా పడేయించి అడుగు కుట్టు విప్పించి, అక్కడ చెయ్యి పెట్టి పిడికెడు తీసేవాడు. పైన ఎప్పుడూ మంచికాయే ఉంటుందనేవాడు. మేడమ్ క్లాసులో శాంపిల్ గురించి మూడు గంటలు చెప్పింది ఇదే.

ఇంకొక అలవాటు కూడా ఉండేది ఆయనకి. అది ఆయనొక్కడిదే కాదు, ఆ వీధి మొత్తానిది. పొద్దున్నే బోణీ బేరానికి వచ్చిన మనిషితో "లేదు" అనకూడదు. కొట్టు తెరవగానే ఎవరో వచ్చి వాము అడిగారనుకోండి. మా కొట్లో వాము ఉండదు. నాన్న "కూచోండి" అని చెప్పి, చెప్పులు కూడా వేసుకోకుండా ఎదురు కొట్టుకి వెళ్ళి తెచ్చి, పొట్లం కట్టి చేతికిచ్చేవాడు. మొదటి మనిషిని వట్టి చేతులతో పంపితే ఆ రోజంతా అంతేనని నమ్మకం. మాకు అది నమ్మకమని కూడా తెలియదు. పళ్ళు తోముకోవడం లాంటి పని అది.

నా ప్రాజెక్టు ఎన్నూరు కయ్యలో. సముద్రం పాయ లోపలికొచ్చిన చోట బురదలో ఒక రకం గుల్లలు బతుకుతాయి. జనం ఉడకబెట్టుకుని తింటారు. కరెంటు తయారుచేసే కేంద్రంనుంచి ఒక వేడినీటి కాలువ వచ్చి ఆ కయ్యలో కలుస్తుంది. ఆ కాలువ నోటికి దగ్గరయ్యే కొద్దీ గుల్లలు ఎలా తగ్గుతున్నాయో ఏడాది పాటు నెలకొకసారి లెక్కపెట్టాలి. ఐదు చోట్లు పెట్టుకున్నాం. ఒకటోది పల్లె దగ్గర, ఐదోది సరిగ్గా కాలువ నోట. పద్ధతి సులువే. అరమీటరు ఇనుప చట్రం. స్టాటిస్టిక్స్ పుస్తకం వెనకాల ఉన్న అంకెల పట్టీలో కళ్ళు మూసుకుని వేలు పెట్టి, ఏ అంకె వస్తే అన్ని అడుగులు నడిచి అక్కడ చట్రం వెయ్యాలి. మనకి నచ్చిన చోట వెయ్యకూడదు. చట్రం లోపలి బురద జానెడు లోతు తవ్వి, జల్లెడ పట్టి, ప్రాణమున్న గుల్లల్ని లెక్కపెట్టాలి. ప్రతిచోటా ఇలా పదిసార్లు. నోటుబుక్కులో రాసుకోవాలి.

మొదటి సేకరణకి మూడు వారాల ముందు నాన్న పోయారు. మాఘమాసం. కొట్లో కూర్చునే, ఎవరితోనో మాట్లాడుతూ, గోడకి జారబడ్డారట. అప్పుడు నేను కాలేజీలో జల్లెడ కన్నాల కొలత చూసుకుంటున్నాను. ఇంటికొచ్చేసరికి వీధి నిండా చెప్పులు. నాకు ఏడుపు రాలేదు. పదకొండు రోజులూ రాలేదు. వచ్చిన వాళ్ళందరూ నా వైపు చూసి, చదువుకున్న పిల్ల, గుండె గట్టిదన్నారు. గట్టిదేం కాదు, చెయ్యి మీద పడుకుని లేస్తే ఎలా ఉంటుందో అలా ఉండేది ఒళ్ళంతా. అన్నం పెడితే తినేదాన్ని. పెట్టకపోతే అడిగేదాన్ని కాదు.

పదిహేనో రోజు పొద్దున ఏడింటికి ఇంట్లో ఫోను మోగింది. నేనే తీశాను. గుంటూరు వైపు మిర్చి కమిషన్ వ్యాపారి, పెద్దాయన. ఏడాదికొకసారి కొత్త కాయ వచ్చే రోజుల్లో నాన్నతో నేరుగా మాట్లాడేవాడు. మిగతా సంగతులన్నీ రెండువైపులా గుమాస్తాలు చూసుకునేవాళ్ళు. "నాన్నగారున్నారా అమ్మా?" అన్నాడు. చిన్నాయన దేవుడి గూటి ముందునుంచే చెయ్యి ఊపి, చప్పుడు లేకుండా నోటితో "బయటికెళ్ళారను" అన్నాడు. నేను "బయటికెళ్ళారండి" అన్నాను. ఫోను పెట్టాక చిన్నాయన వచ్చి, "పొద్దున్నే ఆ మాట నోట్నుంచి రానియ్యబాకమ్మా. కొట్టు తెరిచే వేళ. నేను నిదానంగా ఆయనకి చెప్తాలే" అన్నాడు. నాకు అందులో వింతేమీ కనబడలేదు. నేనైనా అలాగే చెప్పి ఉండేదాన్ని.

ఎన్నూరులో నాకు సాయంగా ఒక అక్క కుదిరింది. నలభై దాటిన మనిషి. వాళ్ళ వాళ్ళు నెల్లూరు వైపునుంచి వచ్చి మూడు తరాలైందట. బురదలో చేతులతో తడిమి రొయ్యలూ గుల్లలూ పట్టడం ఆమె పని. అక్కడి ఆడవాళ్ళందరూ తాటాకు బుట్ట పళ్ళతో కరిచి పట్టుకుని, రెండు చేతులూ నీళ్ళలో పెట్టి వెతుకుతారు. దొరికింది దొరికినట్టు బుట్టలో వేస్తారు. బుట్ట నోట్లో ఉన్నంతసేపూ మాట ఉండదు. ఆమె చిన్న పడవని గడతో తోసుకుంటూ తెల్లవారగానే నన్ను ముందు అన్నిటికంటే దూరంగా ఉన్న ఐదో చోటికి తీసుకెళ్ళేది. తర్వాత నాలుగు, మూడు అనుకుంటూ వెనక్కి వచ్చేవాళ్ళం. పోటు రాకముందే దూరం పని ముగించుకోవాలి.

మొదటి రోజు నేనే బురదలో దిగాను. తొడల దాకా కూరుకుపోయాను. అక్క జుట్టూ చెయ్యీ కలిపి పట్టుకుని పడవలోకి లాగింది. "నువ్వు ఈడ్నే కూచో పాపా. ఏడ తవ్వాల్నో చెప్పు, నేను తెస్తా" అంది. నాకు అభ్యంతరం లేకపోయింది. నిజానికి దేనికీ అభ్యంతరం లేని రోజులవి. ఆమె చట్రం వేసి తవ్వి గోనెసంచిలో బురద తెచ్చేది, నేను పడవలో కూర్చుని జల్లెడ పట్టేదాన్ని. ఆ రోజు ఐదో చోట పదిసార్లు తవ్వితే పదిసార్లూ ఖాళీ గుల్లలే. ప్రాణమున్నది ఒక్కటి లేదు. సున్న రాశాను. పెన్నుకి మూత పెట్టి అలాగే కూర్చున్నాను. ఎంతసేపు కూర్చున్నానో నాకు తెలియదు. అక్క గడ పట్టుకుని నన్నే చూస్తూ నిలబడింది. ఇంట్లో ఇలా జరిగిందని, అందుకే రావడం ఆలస్యమైందని ఆమెకి అంతకుముందే చెప్పి ఉన్నాను.

రెండో నెల ఐదో చోట నాలుగు గుల్లలు దొరికాయి. మూడో నెల మూడు. తర్వాత ఐదు, నాలుగు, మళ్ళీ నాలుగు. అన్నీ పెద్దవి, గట్టిగా మూసుకుని ఉన్నవి. పిల్ల గుల్ల ఒక్కటీ లేదు. నేను నోటుబుక్కులో "చిన్నవి వేడికి చనిపోతున్నాయి, తట్టుకున్నవే పెద్దవుతున్నాయి" అని రాశాను. నా బుర్ర ఎంత చురుగ్గా పనిచేసిందో చూడండి. మేడమ్ ఆ వాక్యం కింద గీత గీశారు. అంత వేడిలో బతుకుతున్న గుల్లలంటే చిన్న సంగతి కాదన్నారు. బెంగళూరులో జరిగే సదస్సులో చదవడానికి ఆ ఐదో చోటు మీదే ఒక వ్యాసం తయారుచేయమన్నారు. పీహెచ్.డీ.కి తన దగ్గర ఒకటే సీటుందని, ఈ ఫలితం నిలబడితే అది నాదేనని చెప్పారు. ఆ సీటు నాకు కావాలి. మిగతా అన్నిటి విషయంలో మొద్దుబారిపోయినా ఆ ఒక్కటి మాత్రం కావాలని తెలుసు. ఎందుకంటే అది లేకపోతే పొద్దున లేచి ఎక్కడికెళ్ళాలో నాకు తెలియదు.

గుల్లలు ఎంత తొందరగా పెరుగుతాయో చూడ్డానికి రెండో చోట రెండు వందల గుల్లల మీద ఎర్ర నెయిల్ పాలిష్‌తో చుక్కలు పెట్టి మళ్ళీ బురదలో వదిలాం. ఎవరిదో పెళ్ళికని కొన్న సీసా. వాడే పరిస్థితి లేక ఇంట్లో పడి ఉంది. ఆ చుక్కవాటిని నెలనెలా వెతికి కొలిచేదాన్ని.

పదకొండో నెల సేకరణ ముగిశాక కాలేజీ ల్యాబులో కుళాయి కింద ఐదో చోటి గుల్లల్ని కడుగుతున్నాను. నాలుగున్నాయి. మూడోదాని మీద బురద పోగానే ఎర్ర చుక్క కనబడింది. నాది. నా చేత్తో పెట్టిన చుక్క, కొంచెం పక్కకి పాకి ఉంది. గుల్ల బురదలో జానెడు దూరం జరిగితే గొప్ప. రెండో చోటికీ ఐదో చోటికీ మధ్య పడవలో ముక్కాలు గంట. కుళాయి కట్టేశాను. ముందు నెలల జాడీలన్నీ దించి చూశాను. అన్నీ ఒకే కొలత, ఇంట్లో కూరకి ఏరుకునే కొలత. పది నెలలుగా అది నా కళ్ళ ముందే ఉంది. బస్తా పైకాయ చూసి కొన్నట్టయింది నా పని.

భయం కూడా వెయ్యలేదు. చుక్క గుల్లని కంపాస్ బాక్సులో పెట్టుకుని బస్సెక్కి ఇంటికొచ్చాను. దాన్ని చెత్తబుట్టలో వేస్తే ఎవరికీ ఎప్పటికీ తెలియదు. వ్యాసం టైపింగుకి వెళ్ళిపోయింది. ఊరి బోర్డుల మీద మద్రాసు చెరిపి చెన్నై అని రాస్తున్న రోజులవి. మా టైపింగ్ సెంటర్ ఆయన నా వ్యాసంలో కూడా మద్రాసు కొట్టేసి చెన్నై పెట్టాలా అని అడిగాడు. పెట్టమన్నాను. ఇంకేమైనా మార్పులున్నాయా అన్నాడు. లేవన్నాను. అలా నెల గడిపేశాను. రోజూ బాక్సు తెరిచేదాన్ని, చూసేదాన్ని, మూసేదాన్ని.

పన్నెండో నెల, ఆఖరి సేకరణ. పడవ కదలకముందే చుక్క గుల్ల తీసి అక్క అరచేతిలో పెట్టాను. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పింది. దొంగతనం బయటపడ్డ మొహమేమీ పెట్టలేదు.

"చీకట్లో తడిమి ఏరేది కదా, చుక్క తెలీలే" అంది.

"ఎందుకక్కా?"

"ఆ మొదటి దినం సున్న రాసి అట్నే కూచుంటివి. మీ నాయన పొయ్యి నెల గూడా కాలే. పొద్దున్నే మొదట ఆగేది ఆడ్నే కదా. బోణీ నా చేతి మీదగా ఉట్టిది ఇచ్చేదానికి మనసు రాలే పాపా. నాలుగు బుట్టలో యేసుకొస్తి. బురద సంచిలో కలిపితి."

"ప్రతి నెలా?"

"ప్రతి నెలా. నాలుగే కదా. యావారంలో కొసరు యెయ్యమా?"

నాకు కోపం రావాలి. రాలేదు. వాము కోసం వీధి దాటుతున్న నాన్న వట్టి కాళ్ళు కనబడ్డాయి. ఆయన బేరానికొచ్చిన వాళ్ళకి చేసింది ఈమె నాకు చేసింది. అడిగింది ఇక్కడ ఉందా లేదా అని తెలుసుకోవడానికి మాత్రమే వచ్చే మనిషి ఒకరుంటారని ఇద్దరికీ తోచలేదు. నాకు తోచి ఉండాల్సింది. అది నేర్చుకోవడానికే కదా కాలేజీకి వెళ్ళింది.

"తప్పయిందా పాపా?" అంది అక్క.

"నాదక్కా తప్పు. నేను దిగి చూసుకోవాల్సింది. ఈ రోజు నేను దిగుతాను."

ఆమె వద్దనలేదు. నా నడుముకి తాడు కట్టి రెండో కొస పడవకి ముడేసింది. ఐదో చోట నీళ్ళు వెచ్చగా ఉన్నాయి, ఎవరో స్నానానికి తోడిపెట్టినట్టు. పదిసార్లు చట్రం వేశాను. పదిసార్లు తవ్వి, నా చేత్తోనే జల్లెడ పట్టాను. అక్క బుట్టని పడవలో బోర్లించి పెట్టి, చేతులు కట్టుకుని కూర్చుంది. ఒక్కటి దొరికితే బాగుండునని ఆమె మొహంలో కనబడుతూనే ఉంది. నాకూ అలాగే ఉంది, సిగ్గు విడిచి చెప్తున్నాను. దొరకలేదు. పది సున్నలు రాశాను.

మర్నాడు చుక్క గుల్లనీ నోటుబుక్కునీ మేడమ్ టేబుల్ మీద పెట్టి జరిగింది చెప్పాను. ఆవిడ నోటుబుక్కు మొదటినుంచీ తిప్పి చూశారు. కోప్పడితే తేలికగా ఉండేది. "ఐదో చోటు తీసేద్దాం" అన్నారు చివరికి. "నాలుగు చోట్లు చాలు, ఎం.ఫిల్. వచ్చేస్తుంది. ఐదో చోటనేది మనం పెట్టుకోనే లేదు. అలా కాదు, ఉన్నదున్నట్టు రాస్తానంటావా, రాయి. కానీ పది నెలలు చూడకుండా లెక్కరాసిన అమ్మాయికి సీటివ్వమని నేను కమిటీలో అడగలేను. రేపు చెప్పు." ఆ తొట్టి పెట్టిన మనిషే ఈ మాట అన్నారని నాకప్పుడు కోపం వచ్చింది. ఏడాదిలో వచ్చిన మొదటి కోపం. తర్వాత తగ్గింది. ఆవిడకీ నన్ను వట్టి చేతులతో పంపాలని లేదు.

ఆ రాత్రి తీసేద్దామనే నిర్ణయించుకుని పడుకున్నాను. పట్టికలో ఒక వరస పోతే ఎవరికి నష్టం? సీటు మిగులుతుంది.

పొద్దున ఏడింటికి ఫోను మోగింది. చిన్నాయన దేవుడి గూటి ముందున్నాడు, కొట్టు తాళాలు పక్కనే పెట్టుకుని. నేను తీశాను. గుంటూరు పెద్దాయన. కొత్త కాయ వచ్చేసింది మరి.

"నాన్నగారున్నారా అమ్మా?"

చిన్నాయన చెయ్యి ఊపాడు, నిరుడు ఊపినట్టే. పెద్దాయనకి ఇప్పటిదాకా ఎవరూ చెప్పలేదని నాకప్పుడు అర్థమైంది. చిన్నాయన గుమాస్తా చెప్పాడనుకున్నాడు, గుమాస్తా చిన్నాయన చెప్పాడనుకున్నాడు. ఏడాది పాటు గుంటూరులో ఒక మనిషి లెక్క ప్రకారం మా నాన్న బయటికెళ్ళి ఉన్నాడు.

"లేరండి" అన్నాను.

"ఎప్పుడొస్తారు?"

"రారండి. పోయారు. నిరుడు మాఘంలో."

లైను గరగరలాడింది. తర్వాత ఆయన, తప్పు పట్టినట్టు కాకుండా, లెక్క సరిచూసుకుంటున్నట్టు నెమ్మదిగా, "నిరుడు కొత్త కాయప్పుడు నేను చేస్తే బయటికెళ్ళారన్నావు కదమ్మా" అన్నాడు.

"అవునండి. అప్పటికే లేరు."

ఆ మాట నా నోటితో నేను అనడం అదే మొదటిసారి. ఫోను పెట్టేసి గోడకి ఆనుకుని కింద కూర్చున్నాను. ఏడుపు వచ్చింది. ఆపుకోలేదు, ఆపుకోవడం చేత కాలేదు. అమ్మ వంటింట్లోంచి వచ్చి పక్కన కూర్చుంది. చిన్నాయన బోణీ మాట ఎత్తలేదు. ఆ రోజు కొట్టు గంట ఆలస్యంగా తెరిచాడు.

మొహం కడుక్కుని కాలేజీకి వెళ్ళి, ఉన్నదున్నట్టు రాస్తానని మేడమ్‌కి చెప్పి, బెంగళూరు వ్యాసం వెనక్కి తీసుకున్నాను. సీటు నా పక్కన కూర్చునే అమ్మాయికి వచ్చింది. ఆమె బాగా పనిచేసింది కూడా. నా థీసిస్‌లో ఐదో చోటు వరస అలాగే ఉంది. మొదటి నెల సున్న. రెండునుంచి పదకొండు దాకా, సేకరించిన వ్యక్తి దయతో కలిపినవి, లెక్కకు రావు. నేను రాసిన ఆ "దయతో" అన్న మాటని మేడమ్ కొట్టెయ్యలేదు. పన్నెండో నెల సున్న.